మూసీ వరదను లెక్కగట్టిన విశ్వేశ్వరయ్య

సెప్టెంబరు 15 ఇంజనీర్స్ డే అని పిల్లలు స్కూల్లో చార్టులు తయారు చేస్తుంటారు. చార్టు మీద తలపాగా పెట్టుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫోటో, కింద భారతరత్న 1955 అని రాస్తారు. మన హైదరాబాద్‌కు ఆయన చేసిన పని మాత్రం చార్టులో ఒక లైనుకు మించదు. ఈసారి దాని గురించే మీకు చెప్పాలనిపించింది.

ఆయన కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో పుట్టారు. పూర్వీకులది మన గిద్దలూరు వైపు ఉన్న మోక్షగుండం. ఇంటిపేరు అక్కడిదే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదివారు. తర్వాత పూణేలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఉంది, వీలైతే పిల్లలకు చూపించండి. నిజాం ప్రభుత్వం పిలవడంతో విశ్వేశ్వరయ్య గారు 1909లో హైదరాబాద్ వచ్చారు.

ఆయన ముందున్న ప్రశ్న ఇది: ఆ రోజు నదిలోకి ఎంత నీరు వచ్చింది? ఇది తెలియకుండా ఎంత పెద్ద రిజర్వాయర్ కావాలో ఎవరూ చెప్పలేరు. తక్కువ అంచనా వేస్తే ఊరు మళ్లీ మునుగుతుంది. వరద వచ్చినప్పుడు నది పక్కన నిలబడి గంటగంటకూ కొలిచినవాళ్లు ఎవరూ లేరు.

అందుకని ఆయన నదితో సరిపెట్టుకోలేదు, నదికి నీళ్లిచ్చే నేలను చూశారు. మూసీకి, దానిలో కలిసే ఈసీకి నీరు చేరే ప్రాంతం మొత్తం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. వానతో పాటు చెరువుల్లో నిల్వ ఉన్న నీరు కూడా ఊరి మీదికి వచ్చిందన్నమాట. వరద గరిష్ఠంగా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు ఉండి ఉంటుందని తేల్చారు. లీటర్లలో చెప్తే సెకనుకు కోటీ ఇరవై లక్షలు!

లెక్కలో కష్టమైన భాగం మీ ఇంట్లోనే అర్థమవుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. డాబా మీద పడింది దాదాపు అంతా పైపులోంచి దిగుతుంది. అదే వాన పొలంలో పడితే కొంత ఇంకుతుంది, కొంత గుంటల్లో ఆగుతుంది, మిగిలిందే వాగులోకి పోతుంది. ఆ మిగిలేది ఎంత? నేల, వాలు, అంతకుముందు కురిసిన వాన, వీటన్నిటినీ బట్టి మారుతుంది. కొలిచే ఏర్పాటు లేని నదుల దగ్గర ఇంజనీర్లను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే. (మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ దీన్ని శాతాల పాఠానికి వాడుకోవచ్చు!)

ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రిజర్వాయర్లు కట్టాలని 1909లోనే ఆయన రిపోర్టు ఇచ్చారు. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో ఆయన మైసూరు దివాన్ అయ్యారు, కృష్ణరాజసాగర్ పని చూశారు, 1962లో కన్నుమూశారు. టీవీలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే పిల్లల్ని ఒక్క నిమిషం పిలిచి చూపించండి.

ఈ నెల 8వ తరగతి పిల్లలు ఇంటి దగ్గర వాన కొలుస్తారు. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉన్న గాజు సీసా, ఒక స్కేలు ఇవ్వండి. సీసాను చెట్టు కింద, గోడ పక్కన కాకుండా ఖాళీ చోట పెట్టమనండి.