దీపమునకు కనబడని దోషము

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినగానే, చేత దీపము ధరించి అర్ధరాత్రమున క్షతగాత్రుల పడకల నడుమ నడచుచున్న స్త్రీమూర్తి మన కన్నులయెదుట నిలుచును. ఆ మూర్తి అసత్యము కాదు, అసంపూర్ణము. దీపము పట్టిన రాత్రులకంటె, ఆ దీపమునకు కనబడని దోషమును పిమ్మట తానే వెదకి లోకమునకు చూపిన దినములు ఆమె జీవితమున గొప్పవి. రోగి ప్రాణమునకు పూచీపడినవారు తాము చేసిన సేవకే కాక, దాని ఫలితమునకును బాధ్యులని ఆమె చరిత్రము తెలుపుచున్నది.

ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున సంపన్నమగు ఆంగ్ల కుటుంబమునందు జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తండ్రి విలియం విద్యావంతుడు. కుమార్తెలిద్దరికిని గ్రీకు, లాటిను భాషలను, చరిత్రమును స్వయముగ నేర్పెను. ఫ్లారెన్సునకు గణితమునందు మక్కువ మెండు. పదునేడవ యేట భగవంతుడు తన్నేదో సేవకు పిలిచినట్లు ఆమెకు తోచెను. ఆ సేవ రోగుల పరిచర్యయే యని నిశ్చయించుకొనుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో పని నేర్చుకొందునని ఆమె కోరగా ఇంటివారు తల్లడిల్లిరి. నాటి ఇంగ్లండులో ఆసుపత్రి పరిచారికలు శిక్షణ లేనివారనియు, త్రాగుబోతులనియు అపఖ్యాతి యుండెను. గౌరవముగల ఇంటి ఆడపడుచు ఆ గడప త్రొక్కరాదని అందరును తలచిరి. ఆమె వేచియుండెనే కాని తలపు మానలేదు. వచ్చిన పెండ్లి సంబంధమును కాదనెను. తెల్లవారకమునుపే లేచి ఆసుపత్రుల నివేదికలు చదివెను. తుదకు 1851లో జర్మనుల దేశమందలి కైజర్‌స్వెర్తులో మూడు మాసములు శిక్షణ పొంది, 1853లో లండనులోని ఒక చిన్న వైద్యశాలకు అధికారిణి అయ్యెను.

మరుసటి యేడు ఇంగ్లండు క్రిమియా యుద్ధమున దిగెను. గాయపడిన సైనికులను నల్లసముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపుల్ నగరమునకు ఎదుటనున్న స్కుటారి ఆసుపత్రికి చేర్చుచుండిరి. వారి దుస్థితి పత్రికలలో వెల్లడి కాగా, మంత్రి సిడ్నీ హెర్బర్టు కోరికపై నైటింగేలు 38 మంది పరిచారికలతో బయలుదేరి, 1854 నవంబరు మొదటివారమున అచ్చట దిగెను. సైనిక వైద్యులు వారిని ఆదరింపలేదు. అప్పుడామె ఒక కఠిన నియమము విధించెను: వైద్యుడు పిలువనిదే ఏ పరిచారికయు రోగిని తాకరాదు. ఎదుట రోగులు మూల్గుచుండగా చేతులు ముడుచుకొని యుండుట కొందరికి క్రౌర్యముగ తోచెను. కాని వైద్యుల విశ్వాసము లేక పరిచర్య నిలువదని ఆమె ఎరుగును. కొలది దినములకే ఇంకర్మన్ పోరున గాయపడినవారు వెల్లువగ రాగా, వైద్యులే సహాయమర్థించిరి. నాటినుండి వంటశాలలు, చాకిరేవు, పక్కబట్టలు, మృతుల ఇండ్లకు ఉత్తరములు, సర్వమును ఆమె భారమయ్యెను.

ఇంత శ్రమించినను మరణములు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో మరణముల లెక్క నూటికి 42 వరకు పోయెను. మార్చిలో ఇంగ్లండునుండి ఆరోగ్య సంఘమొకటి వచ్చి చూడగా, ఆసుపత్రి పూడిపోయిన మురుగు కాలువలమీద నిలిచియుండెను. వారు కాలువలు బాగుచేయించి, జంతు కళేబరములను తొలగించి, గోడలకు సున్నము కొట్టించి, గాలి వచ్చునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి 2కు దిగెను.

1856లో ఆమె మారుపేరుతో నిశ్శబ్దముగ స్వదేశము చేరెను. దేశమంతయు ఆమెను దేవతగ కీర్తించుచుండగా, ఆమె గణాంకవేత్త విలియం ఫార్ తోడ్పాటుతో మృతుల లెక్కలు తీయసాగెను. తిండి చాలకయు, చలికి నలిగియు, సకాలమున చేరకయు సైనికులు మరణించిరని ఆమె మొదట నమ్మియుండెను. లెక్కలు వేరు కథ చెప్పెను. శత్రువుల గుండ్లకంటె రోగములే పెక్కురను చంపినవి. ఆ రోగములకు ఆసుపత్రి మురికియే ఊతమిచ్చినది. ఏ భవనము ఆమెకు కీర్తి తెచ్చెనో, ఆ భవనమే మృత్యుగృహమని తేలెను. ఆమె మౌనము వహించినచో ఆమెను నిందించువారు లేరు. అయినను ఆమె ఆ సత్యమును దాచలేదు. 1858లో సైన్యారోగ్యమును గూర్చి పెద్ద నివేదిక వ్రాసి, అంకెలు చదువనివారికిని బోధపడునట్లు రంగుల చక్రపటములు గీయించెను. ఆ మృతుల స్మృతి ఆమెను జీవితాంతము విడువలేదు.

రోగికి కీడు చేయకుండుటయే ఆసుపత్రి ప్రథమ ధర్మమను సూత్రమును ఆమె ఈ అనుభవమునుండియే గ్రహించెను. 1859లో పరిచర్యను గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమున గాలి, వెలుతురు, శుభ్రతలతోపాటు నడవడినిగూడ నిర్ణయించెను. రోగికి వినబడీ వినబడక గుసగుసలాడరాదు. బూటకపు ధైర్యవచనములతో అతనిని విసిగింపరాదు. అతని సంగతులు అడుగ హక్కు లేనివారికి చెప్పరాదు. కన్నది కన్నట్లు వైద్యునకు తెలుపవలెను. తాను లేని వేళనుగూడ పని జరుగునట్లు ఏర్పాటు చేయవలెను. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర శిక్షణాలయము వెలసినప్పుడు, విద్యార్థినుల పనితోపాటు వారి నమ్మకమును, నడవడిని కూడ నెలనెల నమోదు చేయుచుండిరి. ఆమె పొరబడలేదనరాదు, సూక్ష్మక్రిములే రోగకారణమను సిద్ధాంతమును చిరకాలము అంగీకరింపలేదు. కాని ఆమె కోరిన శుభ్రతను ఆ సిద్ధాంతమే తరువాత సమర్థించెను.

ఆమె భారతదేశమును ఎన్నడును చూడలేదు. అయినను 1863 నాటి సైన్యారోగ్య నివేదికతో మొదలిడి, దశాబ్దములపాటు ఈ దేశపు ప్రజారోగ్యమును గూర్చి వ్రాయుచునే యుండెను. 1876-78 నాటి దక్షిణదేశ క్షామము ఆమెను కలచివేసెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, రైతునకు నీరిచ్చుటయే క్షామమునకు విరుగుడను ఆయన వాదమును బలపరచెను. ఆకలిగొన్నవానికి ఆరోగ్యము ఆసుపత్రిలో దొరకదని ఆమె గ్రహించెను.

1910 ఆగస్టు 13వ తేదీన, తొంబదియవ యేడు నిండిన పిమ్మట ఆమె కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి గౌరవమును కుటుంబమువారు వలదనిరి. ఈస్ట్ వెల్లో గ్రామమున ఆమె పేరు మొదటి అక్షరములును, జనన మరణ తేదీలును మాత్రమే శిలపై చెక్కిరి. ఆమె జన్మదినము నేడు అంతర్జాతీయ నర్సుల దినము. ఆనాడు పాఠశాలలలో దీపము పట్టిన చిత్రమును చూపు ఉపాధ్యాయుడు, దాని ప్రక్కనే ఆ రంగుల చక్రపటమును గూడ చూపినచో, పిల్లలకు నైటింగేలు సంపూర్ణముగ తెలియును.