గిడుగు రామమూర్తి పంతులుగారి సవరభాషాకృషి



మనసునకు నచ్చిన పనియందు శ్రమ తెలియదని లోకమున వాడుక కలదు. శ్రమ తెలియకపోవుట వేరు, శ్రమ లేకపోవుట వేరు. ఈ భేదము నెరుగని బాలు రొక విద్యను ప్రీతితో నారంభించి, తొలికష్టము తగులగనే అది తమకు తగినది కాదని విడిచిపెట్టుచుందురు. అట్టివారికి చెప్పదగిన చరిత్రము గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిది.

వీరు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీకాకుళ ప్రాంతమున వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో తండ్రిగారు గతించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షయందు కృతార్థులై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. కుటుంబభారము వహించి, బడిలో పాఠములు చెప్పుచునే స్వయముగా చదివి బి.ఏ. పట్టము నందిరి.

పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో సవరలు నివసింతురు. వారి భాష మన తెలుగువలె ద్రావిడభాష గాదు, ముండాశాఖకు చేరినది. ఆనాటి కా భాషకు లిపి లేదు. నేర్వగోరువానికి చేతికందు వ్యాకరణము గాని నిఘంటువు గాని లేదు. ఆ భాషయందు పంతులుగారికి మక్కువ కలిగెను. తెలుగును సవరయు నెరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని, మాట వెంట మాటగా నేర్చిరి. అది చాలక సెలవుదినములలో అడవులు నడచి, కొండలెక్కి, సవరపల్లెలకు పోయి, వారితో కలసిమెలసి పలుకుచు భాషను సేకరించిరి. ఈ పనికి వారి నాజ్ఞాపించినవారు లేరు. దీనివలన జీతము పెరుగునది కాదు.

ఆ యడవులలో వారికి మలేరియా జ్వరము సోకెను. దానికి క్వినైను సేవింపగా, ఆ మందువలన చెవుడు కలిగెను. ఇది సామాన్యమైన నష్టము గాదు. లిపిలేని భాషను పరిశోధించువానికి చెవియే పుస్తకము. ఏ విద్యకొరకు కొండలెక్కిరో, ఆ విద్యకు ముఖ్యమైన యింద్రియమే కొరవడెను. అయినను పంతులుగారు పని మానలేదు.

సవరపిల్లలకు వారి భాషయందే చదువు చెప్పవలెనని వాచకములు, కథలు, పాటలు కూర్చిరి. స్వంతధనముతో బడులు నడిపిరి. 1911లో ఆ పుస్తకములను మద్రాసు ప్రభుత్వమువారు ప్రకటించి, ప్రతిఫలముగా ధనమీయజూపగా, దానిని స్వీకరింపక సవరలకొరకు బడి పెట్టుడని కోరిరి. ఆ సంవత్సరముననే వారు ముప్పదియేండ్ల యుపాధ్యాయవృత్తినుండి విరమించిరి గాని సవరభాషనుండి విరమింపలేదు. సవరవ్యాకరణము 1931లో వెలువడునప్పటికి వారి వయస్సు అరువదియెనిమిదేండ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. 1940 జనవరి 22వ తేదీన వారు స్వర్గస్థులైరి.

వ్యావహారికభాషావాదమున పంతులుగారి పట్టుదల అందరెరిగినదే. వారి జన్మదినమును ఆంధ్రప్రదేశమున తెలుగు భాషాదినోత్సవముగా జరుపుచున్నారు. గ్రాంథికమున కలవడిన నావంటి వృద్ధులు ఆ వాదమును పూర్తిగా నంగీకరింపకపోవచ్చును. కాని వారి సవరభాషాసేవకు చేయెత్తి నమస్కరింపనివా రుండరు.

ఈ చరిత్రమువలన మనసంఘమందలి బాలురు గ్రహింపవలసిన దొకటి గలదు. ఇష్టమైన విద్య కష్టమును తొలగింపదు. కష్టము వచ్చినప్పుడు నిలుచుటకు కారణమును మాత్ర మిచ్చును. విద్యార్థివేతనము లొసగు దాతలకును నాదొక విన్నపము. ఒక బాలుడు ఒక సంవత్సరము పరీక్షలో వెనుకబడెనని సహాయము మానకుడు. ఆ విద్యను వాడు విడువక పట్టుకొనియున్నాడా యని మాత్రము విచారింపుడు. పట్టుకొనియున్నచో వానికి మరియొక సంవత్సరము పుస్తకములు, భోజనము కల్పింపుడు. సవరవ్యాకరణము ఒక్కయేటిలో పుట్టినది కాదు.