అందరి చేయి పడిన ఆనకట్ట

మన సంగారెడ్డి జిల్లాలోని సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కుకు పునాదిరాయి పడింది. నేడు అక్కడి కర్మాగారాల్లో తయారయ్యే వస్తువుల్లో గుండె రక్తనాళంలో అమర్చే స్టెంటు ఒకటి. వేలెడంత కూడా లేని ఆ చిన్న లోహపు జల్లెడ గొట్టం వెనుక ఎంతమంది ఉంటారో మీరెప్పుడైనా ఆలోచించారా? లోహం గుణం తెలిసినవారు ఒకరు, దానిపై మందు పూత వేయగల రసాయన శాస్త్రజ్ఞులు మరొకరు, రక్తనాళం సంగతి చెప్పగల వైద్యులు ఇంకొకరు. ఆపైన యంత్రం నడిపే కార్మికుడు, భూతద్దం కింద పెట్టి తనిఖీ చేసే అమ్మాయి. వీరిలో ఏ ఒక్కరు తనకు తెలిసినది తనలోనే దాచుకున్నా, నష్టపోయేది ఎక్కడో మంచం మీద ఉన్న రోగి.

పటాన్‌చెరు చుట్టుపక్కల మన కుటుంబాల నుంచి ఎందరో ఇలాంటి పనులకే షిఫ్టులకు వెళ్తున్నారు. అందుకే ఈ వారం, నలుగురి తెలివిని ఒక్కచోట చేర్చి పని సాధించిన ఒక మహనీయుని జీవితం మీ ముందు ఉంచుతున్నాను. మన పక్కన పారే మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి సముద్రం చేరబోయే ముందు ధవళేశ్వరం వద్ద ఆగి పొలాలకు మళ్ళుతుంది. అక్కడ నదికి మొదట అడ్డుకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొర గురించే చెబుతున్నాను. ఊరూరా ఉన్న విగ్రహాలలో ఆయన ఒంటరిగా కనిపిస్తారు. ఆయన పని మాత్రం ఒంటరిగా సాగలేదు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. చిన్న వయసులోనే సైనిక ఇంజనీరుగా శిక్షణ పొంది, 1821లో మద్రాసు చేరారు. కొన్నేళ్ళకు తంజావూరు ప్రాంతంలో కావేరి నీటి పనులు ఆయన చేతికి వచ్చాయి. అక్కడ చోళరాజుల కాలం నాటి కల్లణై ఆనకట్ట ఉంది. ఇసుక నేల మీద, గట్టి రాతి పునాది లేకుండానే, అది శతాబ్దాలుగా వరదలకు తట్టుకొని నిలబడింది. పెద్ద చదువు చదివి వచ్చిన యువకుడు పాత కట్టడమని దాన్ని తీసిపారేయవచ్చు. కాటన్ అలా చేయలేదు. అది ఎలా నిలిచిందో పరిశీలించి నేర్చుకున్నారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం తమకు నేర్పింది ఆ పేరు తెలియని పూర్వులేనని తరువాత తన రాతల్లో బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ పాఠంతోనే 1836లో కొల్లిడం నది మీద ఆనకట్ట నిర్మించారు.

ఇక గోదావరి సీమ చూడండి. పక్కనే నిండు నది పారుతున్నా, 1830లలో ఆ ప్రాంతం కరువులతో అల్లాడింది. 1839లో తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఈ దుస్థితిని విచారించి ప్రభుత్వం ముందు పెట్టినవారు హెన్రీ మాంట్‌గోమరీ. ఆయన ఇంజనీరు కారు, రెవిన్యూ అధికారి. శిస్తులు, పంటలు, ఊళ్ళ లెక్కలు ఆయనకు తెలుసు. నది వాలు, మట్టి, రాయి సంగతి కాటన్‌కు తెలుసు. ఒకరి లెక్క, మరొకరి కొలత కలిసినప్పుడే పై అధికారులు కదిలారు. 1846లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది.

కాటన్ అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. దొరికింది కొద్దిమంది, వారిలోనూ అనుభవం చాలనివారే ఎక్కువ. వారికి నేర్పుకుంటూ ఆయన పని నడిపారు. నది మధ్య లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్ట వేశారు. ఇసుకలో నూతులు దింపి, వాటిపై గోడ లేపి, దిగువన రాళ్ళు పరచారు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే తీశారు. దాన్ని మోయడానికి పట్టాలు వేసి బండ్లు నడిపారు. రాయి కొట్టేవారు, సున్నం కాల్చేవారు, కమ్మరులు, వడ్రంగులు, పడవవాళ్ళు, ఎవరి విద్య వారిదే. అయినా ఒకరి విద్య లేకుండా మరొకరిది సాగదు.

భాష తెలియని దొరలకూ, వేలాది కూలీలకూ మధ్య నిలిచినవారు వీణం వీరన్న. ఆయన మన తెలుగువారు. దూరప్రాంతాల నుంచి కూలీలను సమకూర్చి, వారికి పని విడమరచి చెప్పి, వారి కష్టం పైవారికి వినిపించారు. కాటన్ ఆయనను ఆజ్ఞలు మోసే మనిషిగా గాక తోటి నిర్మాతగా చూశారు. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది.

పని సగంలో ఉండగా పరీక్ష ఎదురైంది. 1848లో ఎండదెబ్బతో కాటన్ ఆరోగ్యం చెడి, విశ్రాంతికై ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. ఆయన తిరిగి వచ్చింది 1850లో. అంతకాలం పెద్ద దిక్కు లేకపోతే ఏ పనైనా ఆగిపోవాలి కదా! ఆగలేదు. కెప్టెన్ ఆర్ ఆ బాధ్యత మోశారు. రహస్యాలేవీ కాటన్ తలలోనే ఉండిపోలేదు గనుకనే అది సాధ్యమైంది. గన్నవరం వద్ద వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించే 49 కమానుల అక్విడక్టును యువ ఇంజనీరు హేగ్ కొద్ది నెలల్లోనే పూర్తి చేశారు. 1852లో ఆనకట్ట పూర్తయ్యింది. ఆ అనుభవంతోనే ఆర్ బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టి 1855లో ముగించారు. అంటే ఒక నది దగ్గర నేర్చుకున్నది మరో నదికి ఉపయోగపడింది.

కాటన్ చేసిన ప్రతి ఆలోచనా ఫలించిందని అనుకోకండి. ఆయన ప్రోత్సహించిన కర్నూలు – కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టింది. ఖర్చు అంచనాలు దాటింది, రైతులు అనుకున్నంతగా నీరు తీసుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనవలసి వచ్చింది. నది కొలతలు తెలిస్తే చాలదు. ఆ నేల ఎలాంటిదో, ఆ రైతు ఏ పంట వేస్తాడో చెప్పేవారి మాట కూడా అంచనాలో కలవాలి. ధవళేశ్వరంలో కలిసిన మాటలు అక్కడ కలవలేదేమో!

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, 96 ఏళ్ళ వయసులో 1899 జూలై 24న ఇంగ్లండులో కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో 1980లలో వచ్చిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

ప్రియ పాఠకులారా, తత్త్వశాస్త్రం ఒక చక్కని భేదం చూపుతుంది. రొట్టెను నలుగురికి పంచితే ఒక్కొక్కరి భాగం తగ్గుతుంది. జ్ఞానాన్ని నలుగురికి పంచితే ఇచ్చినవారి దగ్గర ఏమీ తగ్గదు, పుచ్చుకున్నవారి దగ్గర పెరుగుతుంది. అయినా మనం జ్ఞానాన్నే రొట్టెలా దాచుకుంటాం. కొత్తగా చేరిన కుర్రవాడికి యంత్రం కిటుకు చెబితే నా విలువ పోతుందని సీనియరు భయం. తప్పు కనబడింది గానీ నాకెందుకని జూనియరు మౌనం. కార్మికుని మాట వినడం తన చదువుకు తక్కువని ఇంజనీరు బిడియం. ఈ మూడింటిలో ఏది ఉన్నా పునాదిలో ఇసుక కదులుతుంది.

మీ ఇంట్లో షిఫ్టు నుంచి తిరిగివచ్చే బిడ్డను ఎంత సంపాదించావని అడగడంతో ఆపకండి. ఈ రోజు ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నావు, ఎవరికి ఏమి నేర్పావు అని కూడా అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికే ఇంటి నుంచి వెళ్ళినవారి చేతిలో ఆనకట్టయినా, స్టెంటయినా భద్రంగా ఉంటుంది.