కాగితపు మడతలలో గణితం – తండలం సుందరరావు

పండుగ వేళ రంగు కాగితాలను మడిచి, కత్తిరించి తోరణాలు కట్టడం మన దబీర్‌పురా వీధులలోని పిల్లలందరికీ తెలిసిన పనే. ఆ మడతలలో ఒక శాస్త్రమే దాగి ఉన్నదని లోకానికి చాటిన వ్యక్తి తండలం సుందరరావు. ఆయన గణితాచార్యుడు కాడు. మద్రాసు రాజధానిలో డిప్యూటీ కలెక్టరు.

కిండర్‌గార్టెన్ బడులలో పసివారు కాగితాలు మడిచే ఆట ఆయన ఆలోచనకు మూలం. ఇతరులకు ఆటగా తోచినది ఆయనకు రేఖాగణితమై కనబడింది. 1893లో మద్రాసులో కాగితపు మడతల రేఖాగణితంపై ఆయన ఆంగ్ల గ్రంథం వెలువడింది. చతురస్రంతో ఆరంభించి, బహుభుజులను దాటి, శాంకవాల వరకు పాఠకుని నడిపించే ఆ గ్రంథానికి కావలసిన పరికరాలు ఒక చిన్న చాకు, కొన్ని కాగితపు ముక్కలు మాత్రమే.

అందులోని ఒక సత్యాన్ని మనమూ పరీక్షించవచ్చు. చదరపు కాగితం నాలుగు మూలలను కేంద్రానికి మడిచి, విప్పి, ఆ మడతల వెంట మూలలను కత్తిరించండి. సగం వైశాల్యం గల చతురస్రం మిగులుతుంది. మరల అట్లే చేస్తే నాలుగవ వంతు, ఆపై ఎనిమిదవ వంతు. తీసివేసిన ముక్కలు ఎన్నైనా మొదటి కాగితాన్ని మించవు. కాని తుదకు దానినంతటినీ ఆక్రమిస్తాయి. అనంతశ్రేణి మొత్తం ఒకటి అనే కఠిన విషయం ఈ విధంగా చేతికందుతుంది.

జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఈ గ్రంథాన్ని ప్రస్తావించాడు. దాని వలన ఆకర్షితులైన అమెరికన్ ఆచార్యులు బీమన్, స్మిత్ 1901లో చికాగో నుండి దీనిని పునర్ముద్రింపజేశారు.

సుందరరావు పొరపాటు పడని వ్యక్తి కాడు. మడతలతో ఘనమూలం సాధించడం అసాధ్యమని ఆయన భావించారు. అది సాధ్యమేనని 1936లో ఇటలీ గణితవేత్త మార్గరీటా బెలోక్ నిరూపించింది. ఆయన నమ్మిన కాగితం ఆయన ఊహకన్న శక్తిమంతమైనది!

ఒకే ఆకారం అంతకంతకు చిన్నదై తనలోనే మరల కనిపించే రూపాలకు 1975లో మాండెల్‌బ్రాట్ ఫ్రాక్టల్ అని పేరిడినాడు. సమబాహు త్రిభుజపు భుజాల మధ్యబిందువులను కలిపి, నడిమి త్రిభుజాన్ని కత్తిరించి, మిగిలిన మూడింటిలోనూ అదే పని సాగిస్తే 1915లో సియెర్‌పిన్‌స్కీ వర్ణించిన రూపం ఏర్పడుతుంది. సుందరరావు ఫ్రాక్టల్ అనే మాట ఎరుగరు. కాని ఆ బాటలో తొలి అడుగు వేయడానికి ఆయన చూపిన మడత చాలు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ప్రయోగశాల లేదని, పరికరాలు లేవని చింతించకండి. ఒక్క కాగితం తీసుకొని మడవండి.