చెత్తకుప్పలో గాజు ముక్కలు ఏరుకున్నాడు.. చతురస్రాలతో చరిత్ర సృష్టించాడు! ఎవరీ జోసెఫ్ ఆల్బర్స్?

మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లే వాళ్లకి ఈ విషయం బాగా తెలుసు. ఒకే బ్లౌజ్ పీస్.. ఒక చీర పక్కన పెడితే ముదురుగా, ఇంకో చీర పక్కన పెడితే లేతగా కనిపిస్తుంది. గుడ్డ మారలేదు, రంగూ మారలేదు. మరి మారిందేంటి? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే దశాబ్దాల పాటు తిరిగిన ఆర్టిస్ట్ జోసెఫ్ ఆల్బర్స్.

పెయింటర్ కొడుకు

1888 మార్చి 19న జర్మనీలోని బొట్రాప్‌లో పుట్టారు ఆల్బర్స్. తండ్రి ఇళ్లకు రంగులు వేసే పనివాడు. తలుపుకి రంగు వేసేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావాలని తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

కొన్నేళ్లు స్కూల్ టీచర్‌గా పనిచేశారు. 1920లో, 32 ఏళ్ల వయసులో మళ్లీ స్టూడెంట్ అయ్యారు. వైమార్‌లోని బౌహౌస్ అనే కొత్త ఆర్ట్ స్కూల్లో చేరారు. చేతిలో డబ్బుల్లేవు. దాంతో సుత్తి, సంచీ పట్టుకుని ఊరి చెత్తకుప్పల దగ్గరికి వెళ్లేవారు. పగిలిన సీసాల ముక్కలు ఏరుకొచ్చి వాటితోనే బొమ్మలు చేశారు. అవి చూసి స్కూల్ ఆయనకే గాజు వర్క్‌షాప్ అప్పగించింది. 1925లో అక్కడే మాస్టర్ అయ్యారు.

రాత్రికి రాత్రే కాదు కానీ..

1933లో సీన్ మారిపోయింది. నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడింది. ఉద్యోగం పోయింది. భార్య ఆనీ యూదు కుటుంబానికి చెందినవారు కావడంతో ప్రాణభయం కూడా తోడైంది. సరిగ్గా అప్పుడే అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి పిలుపు వచ్చింది. బ్లాక్ మౌంటెన్ అనే కొత్త కాలేజీలో టీచర్ పోస్ట్. ఆల్బర్స్‌కి ఇంగ్లిష్ దాదాపు రాదు. అయినా 45 ఏళ్ల వయసులో ఇద్దరూ ఓడెక్కారు.

భాష రాని ఆ టీచర్ దగ్గరే రాబర్ట్ రౌషెన్‌బర్గ్, రూత్ అసావా లాంటి వాళ్లు పాఠాలు నేర్చుకున్నారు. తర్వాత పేరున్న ఆర్టిస్టులయ్యారు.

62 ఏళ్లకి అసలు ఆట

1950లో ఆల్బర్స్ యేల్ యూనివర్సిటీకి మారారు. అదే ఏడాది 'హోమేజ్ టు ద స్క్వేర్' సిరీస్ మొదలైంది. ఒక చతురస్రంలో ఇంకోటి, దానిలో మరోటి. అంతే! రంగులు మాత్రం మారుతూ ఉంటాయి. ట్యూబ్‌లోంచి తీసిన రంగుని కత్తితో పూసేవారు. వాడిన రంగుల పేర్లు బోర్డు వెనక రాసుకునేవారు. 26 ఏళ్లలో ఇలా వెయ్యికి పైగా చేశారు. మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావడం.. నాన్న నేర్పిన పద్ధతే.

శుభలేఖల టెక్నిక్కే!

1963లో 'ఇంటరాక్షన్ ఆఫ్ కలర్' పుస్తకం వచ్చింది. అందులో రంగుల ప్లేట్లని స్క్రీన్ ప్రింట్ చేయించారు. మన దగ్గర శుభలేఖలు, టీషర్టులు కొట్టే పద్ధతే ఇది. ఫ్రేమ్‌కి బిగించిన సన్నటి జాలీ గుడ్డ మీద ఇంక్ పోసి, రబ్బరు పట్టీతో లాగుతారు. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్.

ఇదే ఎందుకు? మామూలు ప్రింటింగ్‌లో నాలుగు ఇంకుల చుక్కలు కలిసి రంగు ఏర్పడుతుంది. స్క్రీన్ ప్రింట్‌లో కావాల్సిన రంగునే కలిపి, ఒకే మందంలో పరుస్తారు. పక్క రంగు వల్ల కన్ను ఎలా మోసపోతుందో చూపించాలంటే అంత కచ్చితత్వం కావాలి.

1971లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన జీవితకాల కృషిని ప్రదర్శించింది. బతికుండగా అక్కడ ఆ గౌరవం దక్కిన మొదటి ఆర్టిస్ట్ ఆయనే. 1972లో, 84 ఏళ్ల వయసులో 127 స్క్రీన్ ప్రింట్లతో 'ఫార్ములేషన్: ఆర్టిక్యులేషన్' తెచ్చారు. 1976 మార్చి 25న కన్నుమూశారు. ఆయన పుస్తకం 2013లో ఐప్యాడ్ యాప్‌గానూ వచ్చింది.

మీరూ ట్రై చేయొచ్చు. ఒకే రంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించండి. ఒకటి ముదురు కాగితం మీద, ఇంకోటి లేత కాగితం మీద పెట్టి చూడండి. రెండూ ఒకటేనంటే పక్కవాళ్లు నమ్మరు!