కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు

సాయంకాలము బడి విడిచిన గంట మ్రోగినతోడనే మన దొనకొండ పాఠశాల మైదానమున బాలురు బంతి వెంట పరుగిడుట మేము నిత్యము చూచుచున్నాము. వారిలో కొందఱకు బూట్లు గలవు, కొందఱకు లేవు. కుడికాలితో బంతిని బలముగా తన్నగలవారు పలువురు గలరు గాని, ఎడమకాలికి బంతి వచ్చినప్పుడు తడబడనివారు మిక్కిలి అరుదు. బంతి చిక్కినవాడు దానిని విడువ నొల్లడు. ప్రక్కవాడు చేయెత్తి కేకలు వేయుచునే యుండును. ఈ దృశ్యమును చూచినప్పుడెల్ల మాకు హైదరాబాదు నగరపు బడిపంతులు ఒకరు జ్ఞప్తికి వచ్చుచుందురు. ఈ రెండు లోపములను సరిదిద్దుటయే పనిగా పెట్టుకొని, ఒక పోలీసు జట్టును దేశమున అగ్రస్థానమునకును, దేశపు జట్టును ఆసియా ఖండమున అగ్రస్థానమునకును తెచ్చినవారు వారే. రహీమ్ సాబు అని హైదరాబాదు వారందఱును ఆప్యాయముగా పిలుచుకొనిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి జీవితమును మన బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

రహీమ్ గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విద్యాలయపు ఫుట్‌బాల్ జట్టున ఆడిరి. పిదప వారు ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవి వారు పనిచేసిన పాఠశాలలు. వ్యాయామ విద్యలోను పరీక్ష నిచ్చి, కడపట పనిచేసిన పాఠశాలలలో క్రీడల భారమును వహించిరి. చదువు వేఱు, ఆట వేఱు అని తలంచెడి తలిదండ్రులు ఈ సంగతిని గమనింపవలయును. ఆయన మొదట పంతులు, పిమ్మట క్రీడాశిక్షకుడు. తరగతిలో బాలునకు పాఠము చెప్పెడి ఓర్పునే మైదానమునకును గొనిపోయిరి.

1943లో వారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. మరణించువఱకు ఆ బాధ్యతను విడువలేదు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఈ జట్టు స్వరూపమును కొంత వివరింపవలసియున్నది. ఐరోపా దేశములలో ఆటయే జీవనోపాధిగా గల ఆటగాండ్రుండిరి. మన దేశమున నాడట్టి యేర్పాటు లేదు. పోలీసు జట్టువారు ఉద్యోగరీత్యా పోలీసులు. నెలజీతము వారికి కొలువునుండి లభించుచుండెను గాని ఆటనుండి కాదు. అయినను ఆటలో నేర్పరితనము చేతనే అట్టి కొలువు దొరకుచుండుట వలన, బీదకుటుంబముల బాలురకు బంతియాట యొక బ్రదుకుదెరువైనది. సగము ఉద్యోగము, సగము ఆట. పూర్తిగా ఆటనే నమ్ముకొనిన జట్టు కాదు, కేవలము వినోదమునకై ఆడిన జట్టును కాదు.

ఇట్టి జట్టును బొంబాయిలో జరిగెడి రోవర్సు కప్పు పోటీలకు రహీమ్ గారు కొనిపోయిరి. 1950లో గెలిచిరి. 1951, 1952, 1953, 1954 సంవత్సరములలోను గెలిచిరి. వరుసగా ఐదేండ్లు ఆ కప్పు హైదరాబాదునకే చేరెను. 1888లో ఆరంభమైన డ్యూరాండు కప్పును సైతము 1950, 1954, 1957, 1961 సంవత్సరములలో నాలుగుమారులు గెలిచిరి. వీనిలో 1950వ సంవత్సరపు అంతిమ పోటీలో ఓడినవారు కలకత్తా మోహన్ బగాన్ జట్టువారు. ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే యని దేశమంతయు తలంచుచున్న కాలమున దక్షిణదేశపు పోలీసుజట్టు ఇట్లు గెలుచుట సామాన్యమైన విషయము కాదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగిన తరువాత ఈ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టని పేరొందెను.

ఇంతటి విజయమునకు కారణమేమి? రహీమ్ గారి శిక్షణ పద్ధతులను పరిశీలించినచో అందు ధనముతో కొనవలసిన దొక్కటియు లేదు. చిన్నపిల్లలకై వారు విచిత్రమైన పోటీలు పెట్టుచుండిరి. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలయును. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటముగలవాడు కుడికాలితోను ఆడవలయును. మఱియొక పోటీలో బంతిని తానొక్కడే కాలితో నడిపించుకొనిపోవుట నిషిద్ధము. బంతి అందినతోడనే తోటివానికి అందింపవలయును. ఇంకొక పోటీలో నిర్ణీతమైన ఎత్తునకు మించినవారికి ప్రవేశము లేదు. పొడవైన పిల్లల చాటున పొట్టివారు మఱుగుపడకుండుటకై ఈ నియమము. ఈ మూడు పోటీలకు కావలసినవి ఒక మైదానము, ఒక బంతి, ఒక ఈల. ఇవి మన ఊరను గలవు.

ఎవనికి ఏది చేతగాదో దానినే వానిచేత చేయించుట ఈ పద్ధతిలోని మర్మము. మనము సాధారణముగా పిల్లవానికి వచ్చినదానినే మరల మరల చేయించి మెచ్చుకొందుము. లెక్కలు వచ్చినవానికి లెక్కలే ఇత్తుము. రానిదానిని చేయించినచో వాడు మొదట నలుగురిలో నవ్వులపాలగును. ఆ నవ్వును ఓర్చుకొని కొన్ని నెలలు సాధన చేసిన యెడల వానికి రెండుకాళ్ళును సమానమగును. ఎదుటివానికి వాడు ఏ ప్రక్కకు పోవునో తెలియదు.

రహీమ్ గారి శిష్యులలో తులసీదాస్ బలరామ్ గారి సంగతి చెప్పక తీరదు. వీరు సికిందరాబాదు దాపున నున్న అమ్ముగూడలో 1936లో పుట్టిన పేదబాలుడు. బూట్లు కొనలేక, పాత పోలీసు బూట్లను చర్మకారునిచేత ఆటకు తగినట్లు మార్పించుకొని ఆడినవాడు. స్థానికపు పోటీలో వీనిని రహీమ్ గారు చూచి, హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మనిరి. సికిందరాబాదు నుండి ప్రతిదినమును వచ్చుటకు సొమ్ము లేదని బాలుడు విన్నవింపగా, అద్దె సైకిలునకు కావలసిన పైకమును రహీమ్ గారు తామే ఇచ్చుచు వచ్చిరట. ఆ బాలుడు 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడి, అర్జున పురస్కారము నందుకొని, 2023లో పరమపదించిరి. సైకిలు అద్దెకు సరిపడు సొమ్ము ఆనాడు ఎవరో ఒకరు ఈయకున్నచో దేశమున కా ఆటగాడు లేడు. మన తరగతులలో ఇట్టివారు ఎందఱు కూర్చుండియున్నారో ఎవరు చెప్పగలరు?

దేశపు జట్టునకు శిక్షకులుగా రహీమ్ గారు మొదట పొందినది ఘనవిజయము. 1951 మార్చి మాసమున ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల అంతిమ పోటీలో మేవాలాల్ గారు చేసిన గోలుతో ఇరాన్ జట్టును 1-0 తేడాతో ఓడించి భారతదేశము స్వర్ణపతకము గైకొనెను. మరుసటి సంవత్సరమే ఘోరమైన పరాభవము సంభవించెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిని 10-1 తేడాతో ఓడించెను. చలిదేశము, తడినేల, మనవారిలో అనేకులు వట్టికాళ్ళతో ఆడిరి. ఇంతటి ఓటమి తరువాత వాతావరణమును నిందించి ఊరకుండుట సులభము. రహీమ్ గారు అట్లు చేయలేదు. ఆ క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన హంగేరీవారి ఆటను శ్రద్ధగా గమనించి, ముందువరుస నడుమ నుండెడి ఆటగానిని కొంత వెనుకకు దింపి ఆడించెడి వారి పద్ధతిని మన జట్టున ప్రవేశపెట్టిరి. పాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పెడి పంతులు, నలుబది రెండేండ్ల వయస్సున, ఓడిన మైదానమునుండి తాను పాఠము నేర్చుకొని వచ్చెను. అటుపిమ్మట మన ఫుట్‌బాల్ సంఘమువారు బూట్లు తప్పనిసరి యని నియమించిరి.

ఆ పాఠముయొక్క ఫలము 1956లో మెల్‌బోర్నున కనబడెను. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియా జట్టును మనవారు 4-2 తేడాతో ఓడించిరి. ఆ పోటీలో బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా గారు మూడు గోళ్లు చేసిరి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అర్ధాంతిమ పోటీ చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అక్కడ ఎదురైనది మరల యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు చేసినవారు మనవారు. తుదకు 4-1 తేడాతో ఓడిపోయిరి. మూడవ స్థానమునకై బల్గేరియాతో ఆడి 3-0 తేడాతో ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. పతకము రాలేదు. కాని నాలుగేండ్ల క్రింద పది గోళ్లు చేసిన జట్టును కొంతసేపైనను వెనుకబడవేసిన యా ఆట వెనుక ఎంత పరిశ్రమ గలదో ఊహింపుడు. 1960లో రోము నగరమున ఫ్రాన్సుతో 1-1 తేడా లేక సమానముగా నిలిచిరి. హంగేరీతో 2-1 తేడాతోనే ఓడిరి.

ఇక 1962. జకార్తా ఆసియా క్రీడలకు బయలుదేరునాటికి రహీమ్ గారిని శ్వాసకోశ సంబంధమైన పుట్టకురుపు వ్యాధి లోలోపల దహించుచుండెను. మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిరి. తరువాత థాయిలాండును, జపానును గెలిచిరి. జర్నైల్ సింగ్ గారికి తలపై గాయమై కుట్లు పడెను. వెనుకవరుస కాపరియగు ఆయనను రహీమ్ గారు ముందువరుసలో ఆడించిరి. దక్షిణ వియత్నామును 3-2 తేడాతో గెలిచి, అంతిమ పోటీలో మరల దక్షిణ కొరియానే ఎదుర్కొనిరి. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఆ దేశమువారు ప్రవేశము నిరాకరించుటను భారత ప్రతినిధి యొకరు ఆక్షేపించినందున, జకార్తా ప్రజలు మనవారిపై మండిపడుచుండిరి. సెప్టెంబరు 4వ తేదీన నిండిన ఆ మైదానమున వేలకొలది జనుల యెగతాళి కేకల నడుమ మనవారు ఆడిరి. పి. కె. బెనర్జీ గారు ఒక గోలును, తలకు కట్టుతో నున్న జర్నైల్ గారు ఒక గోలును చేసిరి. భారతదేశము 2-1 తేడాతో గెలిచెను. వెనుకటి పేదబాలుడు బలరామ్ ఆ జట్టున నుండెను. హైదరాబాదున జన్మించిన తంగరాజ్ గారు గోలు కాచిరి.

ఆ విజయము తరువాత రహీమ్ గారు తొమ్మిది మాసములు మాత్రమే జీవించిరి. 1963 జూన్ 11వ తేదీన ఏబదిమూడేండ్ల ప్రాయమున కాలధర్మము నొందిరి.

వారి పిమ్మట జరిగినది చెప్పుటకు మాకు మనసొప్పకున్నను చెప్పవలసియున్నది. 1960 తరువాత భారత జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలలో కాలు పెట్టలేదు. ఆసియా క్రీడలలో 1962 తరువాత స్వర్ణపతకము లేదు. 1970లో లభించిన కాంస్యపతకమే కడపటిది. పోలీసు జట్టును క్రమముగా మునుపటి తేజమును కోల్పోయెను. రహీమ్ గారి పేరు సైతము చిరకాలము మఱుగుపడి, 2024లో హిందీ చలనచిత్రమొకటి వెలువడిన తరువాత క్రొత్తతరమువారికి కొంత తెలియవచ్చెను. ఒక్క మనుష్యుని పరిశ్రమమీద నిలిచినది ఆ మనుష్యునితో కూలుట సహజము. ఎడమకాలి పోటీలు పెట్టెడి పంతుళ్ళు ఊరూరను ఉండియున్నచో అట్లు జరిగియుండెడిది కాదని మా నమ్మకము.

కావున ఈ జీవితమును చదివి మెచ్చుకొని ఊరకుండుట చాలదు. ఈ వ్యాసమును వ్రాయుచుండగనే మాలో కొందఱము ఆలోచించి, ప్రతి వారమును ఒకదినమున చిన్న తరగతుల బాలబాలికలకు బలహీనమైన కాలితో ఆడెడి పోటీ నొకదానిని జరుపుటకు నిశ్చయించితిమి. బూట్లు అక్కఱలేదు. ఎత్తు అక్కఱలేదు. మొదటి వారమున అందఱును తడబడుదురు, అందఱును నవ్వుదురు. తలిదండ్రులు సాయంకాలమున వచ్చి చూడగోరెదము. బంతి తన్నబోయి క్రిందపడిన పిల్లవానిని చూచి వారును నవ్వవచ్చును. అయితే మరుసటి వారమున వానిని మరల పంపుట మఱువరాదు.