బల్వంతరాయ్ మెహతా

బల్వంతరాయ్ గోపాల్‌జీ మెహతా (ఫిబ్రవరి 19, 1900 - సెప్టెంబరు 19, 1965) స్వాతంత్ర్య సమర యోధుడు, పార్లమెంటు సభ్యుడు, గుజరాత్ రాష్ట్ర రెండవ ముఖ్యమంత్రి. ఈయన అధ్యక్షత వహించిన సంఘం 1957లో సమర్పించిన నివేదిక ఆధారంగానే భారతదేశంలో మూడంచెల పంచాయితీ వ్యవస్థ రూపుదిద్దుకొన్నది. అందువలన ఈయనను పంచాయితీరాజ్ పితామహుడిగా పేర్కొంటారు.

బాల్యము, స్వాతంత్ర్యోద్యమము

మెహతా నేటి గుజరాత్‌లోని భావనగర్ సంస్థానంలో జన్మించాడు. కళాశాల విద్య పూర్తి చేసినప్పటికీ విదేశీ ప్రభుత్వం ఇచ్చే పట్టాను స్వీకరించడానికి నిరాకరించి, 1920లో సహాయ నిరాకరణోద్యమంలో ప్రవేశించాడు. సంస్థానాధీశుల పాలనలోని ప్రజలకు పాలనలో ఎటువంటి భాగమూ లేని కాలమది. ఆ పరిస్థితిని మార్చే ఉద్దేశంతో 1921లో భావనగర్ ప్రజామండలిని స్థాపించాడు. లాలా లజపతిరాయ్ నెలకొల్పిన లోక్ సేవక్ మండల్‌లో సభ్యుడై, తరువాత దానికి అధ్యక్షుడయ్యాడు.

బార్డోలీ సత్యాగ్రహంలోను, శాసనోల్లంఘన ఉద్యమంలోను పాల్గొన్నాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో మూడు సంవత్సరాల శిక్ష పడింది. మొత్తం మీద ఏడు సంవత్సరాలు కారాగారంలో గడిపాడు. అఖిల భారత సంస్థాన ప్రజా మహాసభకు ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, సంస్థానాలలో బాధ్యతాయుత ప్రభుత్వాల కోసం కృషి చేశాడు. భారత రాజ్యాంగ సభలో సభ్యుడు. 1952, 1957 ఎన్నికలలో గోహిల్‌వాడ్ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. లోక్‌సభ అంచనాల సంఘానికి అధ్యక్షత వహించాడు.

మెహతా సంఘం

గ్రామాల అభివృద్ధి కోసం 1952 అక్టోబరు 2న సామాజిక అభివృద్ధి పథకం, మరుసటి సంవత్సరం జాతీయ విస్తరణ సేవా పథకం మొదలయ్యాయి. బ్లాకు అభివృద్ధి అధికారులు, గ్రామ సేవకులు నియమితులయ్యారు. రోడ్లు, బావులు, బడులు కొన్ని వచ్చాయి గాని, వాటిని తమవిగా భావించి నడుపుకొనే ఉత్సాహం ప్రజలలో ఆశించినంతగా కలుగలేదు. ఈ పథకాల పనితీరును పరిశీలించడానికి 1957 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మెహతా అధ్యక్షతన ఒక అధ్యయన సంఘాన్ని నియమించింది. ఆ సంవత్సరం నవంబరులో సంఘం నివేదికను సమర్పించింది.

సలహా ఇవ్వడానికి మాత్రమే పరిమితమైన సంఘాలలో ప్రజలు ఆసక్తి చూపరని, నిర్ణయాధికారము, నిధులు, బాధ్యత మూడూ కలిసి ఎన్నికైన సంస్థ చేతికి వచ్చినప్పుడే నాయకత్వం పెరుగుతుందని సంఘం అభిప్రాయపడింది. ఈ సూత్రానికే ప్రజాస్వామిక వికేంద్రీకరణ అని పేరు. ముఖ్యమైన సిఫారసులు ఇవి:

* గ్రామ స్థాయిలో పంచాయితీ, బ్లాకు స్థాయిలో పంచాయితీ సమితి, జిల్లా స్థాయిలో జిల్లా పరిషత్తు ఉండాలి.
* గ్రామ పంచాయితీకి ప్రత్యక్ష ఎన్నికలు, పై సంస్థలకు పరోక్ష ఎన్నికలు జరగాలి.
* పంచాయితీ సమితి కార్యనిర్వాహక సంస్థగా ఉండాలి. కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే జిల్లా పరిషత్తు సలహా, పర్యవేక్షణలకు పరిమితం కావాలి.
* అభివృద్ధి కార్యక్రమాలన్నీ ఈ సంస్థల ద్వారానే జరగాలి. అందుకు తగిన ఆదాయ వనరులను వాటికి బదిలీ చేయాలి.
* స్త్రీ శిశు సంక్షేమంలో ఆసక్తి గల ఇద్దరు మహిళలను పంచాయితీలో సభ్యులుగా చేర్చుకోవాలి.

1958 జనవరిలో జాతీయ అభివృద్ధి మండలి ఈ సిఫారసులను ఆమోదించింది. వివరాలను రాష్ట్రాలు తమ పరిస్థితులకు అనుగుణంగా నిర్ణయించుకొనే అవకాశం లభించింది.

ఆంధ్రప్రదేశ్‌లో అమలు

1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పంచాయితీరాజ్ వ్యవస్థను ప్రారంభించాడు. రెండవ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అదే నెలలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభోత్సవం చేయగా, పంచాయితీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అయితే ఇక్కడ జిల్లా పరిషత్తుకు కలెక్టరు కాక, ఎన్నికైన వ్యక్తే అధ్యక్షుడయ్యాడు. సమితుల విధానం 1980 దశకంలో మండల వ్యవస్థ వచ్చే వరకు కొనసాగింది. సర్పంచి, సమితి అధ్యక్షుడు వంటి పదవుల ద్వారా ఎందరో గ్రామీణులు రాజకీయాలలో ప్రవేశించారు.

ముఖ్యమంత్రిగా, మరణము

1963 సెప్టెంబరులో జీవరాజ్ మెహతా తరువాత బల్వంతరాయ్ మెహతా గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యాడు. గ్రామ, తాలూకా, జిల్లా పంచాయితీల వ్యవస్థ ఆ రాష్ట్రంలో అమలులోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. 1965 భారత - పాకిస్తాన్ యుద్ధ సమయంలో, సెప్టెంబరు 19న, మిఠాపూర్ నుండి కచ్ సరిహద్దు ప్రాంతానికి ప్రయాణిస్తుండగా ఈయన విమానాన్ని పాకిస్తాన్ యుద్ధ విమానం కూల్చివేసింది. అది సైనిక విమానం కాదు. మెహతాతో పాటు ఆయన భార్య సరోజ్‌బెన్, ముగ్గురు సిబ్బంది, ఒక పాత్రికేయుడు, ఇద్దరు విమాన సిబ్బంది మరణించారు. తరువాత హితేంద్ర దేశాయ్ ముఖ్యమంత్రి అయ్యాడు.

ప్రభావము

1960 దశకం మధ్య నుండి అనేక రాష్ట్రాలలో పంచాయితీ ఎన్నికలు వాయిదా పడసాగాయి. నిధులు, అధికారాలు తగ్గాయి. ప్రజలు పాల్గొనాలనే కోరిక చట్టంలో ఉన్నా, ఎన్నికలు జరిపించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టానికి వదిలివేయబడటం ఇందుకు ఒక ముఖ్య కారణం. 1978లో అశోక్ మెహతా సంఘం మూడంచెలకు బదులు రెండంచెల విధానాన్ని సూచించింది. చివరకు 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు, ఐదేళ్ళకొకసారి ఎన్నికలకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి, మహిళలకు కనీసం మూడవ వంతు స్థానాలకు రాజ్యాంగ రక్షణ కల్పించింది. మెహతా సంఘం సూచించిన మూడంచెల నిర్మాణమే చిన్న రాష్ట్రాలు మినహా దేశంలో అధిక భాగానికి ఆధారమయ్యింది. సంఘం కోరిన నిధుల బదిలీ, అధికారాల బదిలీ మాత్రం రాష్ట్రాన్ని బట్టి హెచ్చుతగ్గులతో అమలయ్యాయి.

2000లో భారత తపాలా శాఖ ఈయన స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.